‘డెలివర్డ్’ అన్న ఒక్క మాట
కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ



మీకు ఉత్తరాలు రాసేవాళ్లలో ఎక్కువమంది కొన్నవాళ్లే అయి ఉంటారు. ఫోను అడిగితే సబ్బుబిళ్ల వచ్చిందనో, చీర రంగు వేరనో, డబ్బు తిరిగి ఇవ్వడం లేదనో రాస్తారు. నేను అమ్మేదాన్ని. తెనాలిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని పాత సినిమా పాటల పుస్తకాలు, కరపత్రాలు, గ్రామఫోను రికార్డులు ఆన్‌లైన్‌లో వేలానికి పెడుతుంటాను. మా నాన్న పోగేసినవి కొన్ని, ఆయన పోయాక నేను చిత్తుకాగితాల కొట్లు తిరిగి ఏరుకొచ్చినవి కొన్ని. నెలకు ఇరవై పార్సిళ్లు వెళితే మా ఇంట్లో అది మంచి నెల.

పోయిన ఏడాది కార్తీకమాసంలో ఒక పొద్దున, స్టవ్ మీద పాలు పెట్టి ఫోను చూసుకుంటే వేలం వేదిక నుంచి మెసేజి వచ్చి ఉంది. ‘కొనుగోలుదారుకు వస్తువు అందలేదు. మూడు రోజుల్లో మీ వివరణ ఇవ్వండి.’ దాని కింద తగ్గుతూ పోయే గడియారం. 71 గంటల 48 నిమిషాలు. పాలు పొంగిపోయాయి.

ఆ వస్తువు మాయాబజార్ పాటల పుస్తకం. ఆ రోజుల్లో సినిమా హాలు దగ్గర కథాసంగ్రహం, పాటలు వేసి అమ్మే పలుచటి పుస్తకాలు ఉండేవి, మీరూ చూసే ఉంటారు. మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. సరిగ్గా అయిదు రోజులకు, ఏప్రిల్ 1న, దేశంలోకి నయాపైసలు వచ్చాయి. నా దగ్గరున్న ప్రతి మీద వెల అణాల్లో ఉంది. అంతమాత్రాన అది మొదటి అచ్చేనని తేలిపోదు గాని, వేలం పేజీలో ఆ సంగతి రాసి, వెల ఉన్న మూలను దగ్గరగా ఫొటో తీసి పెట్టాను. ఆఖరి పది నిమిషాల్లో ఇద్దరు పంతం పట్టారు. 3,150 రూపాయల దగ్గర ఒకాయన వదిలేశాడు. దక్కించుకున్న పెద్దాయన ఖరగ్‌పూర్‌లో ఉంటారు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వెళ్లారట. ఆ ఊళ్లో అలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఈయన రిటైరై, కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నారు.

ప్యాకింగు గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. రేపు తగువొస్తే అమ్మినవాళ్ల చేతిలో ఉండేది అదొక్కటే. పుస్తకం న్యూస్‌ప్రింటు. నడుమ పిన్ను తుప్పు పట్టి చుట్టూ కాగితం బెల్లం రంగుకు తిరిగింది. ముందు బటర్ పేపరు, ఆపైన జిప్ కవరు, రెండు వైపులా అట్టలు. మా వీధిలో రెడీమేడ్ చొక్కాల కొట్టు ఉంది. చొక్కా మడతలో పెట్టే అట్టలు వాళ్లు పారేస్తుంటారు, నేను వారానికోసారి వెళ్లి అడిగి తెచ్చుకుంటాను. నాలుగు అంచులా టేపు వేసి, మీద గోధుమరంగు కాగితం చుట్టి, చిరునామా చేత్తో ఒకసారి, ప్రింటు తీసి ఒకసారి. తడిస్తే చేతిరాత కారుతుంది, ప్రింటు ఊడితే చేతిరాత మిగులుతుంది. వంటింటి త్రాసు మీద పెడితే 184 గ్రాములు. త్రాసు మీద ఉండగానే ఒక ఫొటో. పుస్తకం లోపల పెట్టడం దగ్గర్నుంచి ఆఖరి టేపు దాకా వీడియో తీస్తాను. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో టేపు, కొస పళ్లతో. బయటివాళ్లు చూస్తే నవ్వుతారు.

ఇంత చేసి కొరియర్ కౌంటర్‌కు వెళితే రసీదులో అర కిలో అని పడింది. వాళ్ల లెక్క మొదలయ్యేదే అక్కడి నుంచట. నా 184 గ్రాములకు నేనే సాక్షిని.

ఆ రోజు ట్రాకింగ్ తెరిచి చూస్తే ‘డెలివర్డ్, 11.42’ అని ఉంది. నా మొదటి ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాను. ఈయన దొంగ. పుస్తకం తీసుకుని రాలేదంటున్నాడు. అదే మాట కొంచెం మర్యాదగా టైపు కూడా చేశాను. పంపేలోపు ఎందుకో చెరిపేశాను. ఎందుకో ఏముంది, రెండేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. ఒకే రోజు రెండు పార్సిళ్లు కట్టి లేబుళ్లు తారుమారు చేశాను. బెంగళూరుకు వెళ్లాల్సింది కర్నూలుకు, కర్నూలుది బెంగళూరుకు. కర్నూలాయన ఫిర్యాదు చేస్తే, నా వీడియో చూడండి అంటూ రెండు రోజులు వాదించాను. వీడియోలో అంతా సరిగ్గానే ఉంది, లేబులు అంటించిన ఘట్టం తప్ప. తప్పు బయటపడ్డాక ఆయన ఒక్క మాటా అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఖరగ్‌పూర్‌కు ఫోను చేశాను. “అమ్మా, వచ్చేసిందని ఫోన్లో చూపిస్తంది. ఇంట్లోకయితే రాలేదు. ఆ రోజంతా నేను గుమ్మం కదల్లేదమ్మా,” అన్నారు పెద్దాయన. ఎదురింటి వాళ్లని అడిగారా, కోడలు గాని మనవడు గాని తీసుకుని ఎక్కడైనా పెట్టారేమో, ఇంటి గుర్తు ఏమిటి, గేటు మీద నంబరు కనపడుతుందా అని నేను అడుగుతూ పోయాను. అన్నిటికీ ఓపిగ్గా చెప్పారు. ఫోను పెట్టేశాక ఆ మాటలన్నీ వేదికలోని మెసేజి పెట్టెలో మళ్లీ రాసి పెట్టాను. నోటిమాట రేపు ఎవరికీ అక్కరకు రాదు. ఈ వ్యాపారంలో కొత్తగా దిగేవాళ్లకు నేను చెప్పే సలహా కూడా ఇదే. ఫిర్యాదు వస్తే గడియారం ఆగేలోపే జవాబు ఇవ్వండి, నింద మాత్రం వేయకండి, మాటలు ఎంత దూరం వెళ్లినా డబ్బు వేదిక దాటి వెళ్లనివ్వకండి. దయతలచి పక్కదారిన డబ్బు పంపి, ఆ తర్వాత వేదిక కూడా రీఫండు ఇచ్చేస్తే రెండుసార్లు పోయినట్టే.

తర్వాత కొరియర్ ఆఫీసు. కొన్నవాళ్లు వెళితే “పంపినవాళ్లను రమ్మనండి” అంటారు. పంపినవాళ్లం వెళితే “డెలివర్డ్ అయిపోయింది కదమ్మా, ఇంక మా దగ్గరేముంటుంది” అంటారు. సంతకం ఉన్న కాగితం, వాళ్ల భాషలో పీవోడీ, చూపించమని అడిగాను. నాలుగు రోజులు తిప్పి వాట్సాప్‌లో పంపారు. పేరు ఉండాల్సిన చోట ఒక వంకర గీత. దాని పక్కన ‘సెల్ఫ్’ అని. ఆ గీత తెలుగు కాదు, బెంగాలీ కాదు, ఇంగ్లీషూ కాదు.

ఒకవేళ పోయిందనే తేలితే ఎంతిస్తారు అని అడిగాను. కౌంటర్‌లో కుర్రాడు రసీదు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూపించాడు. వంద రూపాయలట. వేలంలో 3,150కి పోయింది బాబూ అన్నాను. వేలం పేజీ ఫొటో చూపించాను. అందులో నేను దగ్గరగా తీసిన ఆ మూల ఫొటో ఉంది. కుర్రాడు రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి చూసి, “దీని మీద రెండణాలని ఉంది కదండీ,” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. వేలం వస్తువుకు వెల ఎక్కడుంటుందో అతనికి ఎలా చెప్పను? ఇద్దరు మనుషులు ఒక రాత్రి పంతం పట్టిన పది నిమిషాల్లో ఉంటుంది. అటువంటిది ఇంకొకటి కొట్లో దొరకదు గనుకే ఆ వెల. మార్కెట్లో దొరికే వస్తువైతే పోయినా మరొకటి పంపి గొడవ తెంచుకోవచ్చు. దీనికి రెండోది లేదు.

చిన్న అక్షరాలకు బలం లేదని అనుకోకండి. 1996లో సుప్రీంకోర్టు భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో, సంతకం చేసిన కొరియర్ పత్రం మీద బాధ్యత ఇంతవరకే అని రాసి ఉంటే పంపినవాళ్లు దానికి కట్టుబడాల్సిందేనని చెప్పింది. నేనైతే ఆ రసీదు మీద సంతకం కూడా చేయలేదు. అడిగినవాళ్లు లేరు. ఇక తపాలా శాఖ మీద బాధ్యత పడకుండా చట్టమే గొడుగు పట్టింది. 1898 నాటి చట్టంలో ఉన్న ఆ రక్షణ, 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త తపాలా చట్టంలోనూ ఉంది. స్పీడ్ పోస్టు పోతే కట్టిన చార్జీకి రెట్టింపు, లేదా వెయ్యి రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. నేను ఖరగ్‌పూర్ పార్సిలుకు కొరియర్‌కు కట్టింది 95. ఆ చార్జీకి స్పీడ్ పోస్టు లెక్క వేస్తే 190 వస్తుంది. విలువైన వాటికి ఇన్సూరెన్సు చేసుకోవాలంటారు, నిజమే, ఇప్పుడు చేస్తున్నాను కూడా. కాని క్లెయిమ్ వేస్తే మళ్లీ అదే ప్రశ్న వస్తుంది: బిల్లేది? చిత్తుకాగితాల కొట్టులో కిలో లెక్కన కొన్నదానికి బిల్లు ఎవరిస్తారు?

చట్టం మాట వచ్చింది గనుక ఇంకొకటి. మన వస్తు విక్రయ చట్టం 1930 నాటిది. వేలంలో సుత్తి పడితే అమ్మకం పూర్తయినట్టని 64వ సెక్షను. సరుకును రవాణాదారు చేతిలో పెడితే, ప్రాథమికంగా అది కొన్నవాడికి అప్పగించినట్టేనని 39వ సెక్షను. కాకపోతే రవాణాదారుతో సబబైన ఏర్పాటు చేసుకునే బాధ్యత మాత్రం అమ్మినవాడిదే. గూడ్సు బండిలో మిరపకాయ బస్తాలు కట్టి కలకత్తా పంపిన రోజులకు ఆ లెక్క సరిపోయింది. కొన్నవాడూ వర్తకుడే, రైల్వే రసీదు పట్టుకుని స్టేషనుకు వెళ్లి తగువు పెట్టుకోగలడు. ఈనాటి వేలం వేదికలు ఆ లెక్కను తలకిందులు చేశాయి. ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ పడేదాకా నష్టం అమ్మినవాళ్లది, పడ్డాక కొన్నవాళ్లది. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. ఏ కొరియరో ఎంచుకున్నది నేను, కట్టింది నేను. ఖరగ్‌పూర్‌లో పెద్దాయనకు ఆ కంపెనీ పేరే తెలియదు. 39వ సెక్షను మీద ఒట్టేసి నష్టం ఆయన నెత్తిన రుద్దితే నాకు నిద్ర పట్టదు.

నా బాధల్లా ఆ ఒక్క మాట గురించి. మొత్తం తగువు ‘డెలివర్డ్’ అన్న మాట మీద నిలబడింది. ఆ మాట టైపు చేసింది నేను కాదు, ఆయన కాదు. ఎండలో బండి మీద సంచి వేసుకుని తిరిగే ఒక కుర్రాడు.

ఆరో రోజు తీర్పు వచ్చింది. ‘ట్రాకింగ్ ప్రకారం వస్తువు అందినందున ఈ కేసును మీకు అనుకూలంగా ముగించాం.’ సాయంత్రానికి కమిషను పోను మిగతా డబ్బు నా ఖాతాలో పడింది. గెలిచాను. వీడియో ఎవరూ అడగలేదు, 184 గ్రాములు ఎవరూ చూడలేదు, ఆ వంకర గీతను ఎవరూ పట్టించుకోలేదు. పెద్దాయనకు ఫోను చేస్తే, “సరేలెండమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు,” అన్నారు. అరిచి ఉంటే బాగుండేది.

అప్పుడు నేనొక మాట అడిగాను. మీ క్వార్టర్ నంబరు లాంటిదే ఇంకోచోట ఉందా అని. రైల్వే కాలనీల్లో ఒక్కో వరసకు నంబర్లు మళ్లీ మొదలవుతాయని, పక్క కాలనీలో అదే నంబరు ఉండొచ్చని ఆయన అన్నారు. మనవణ్ని సైకిలు మీద పంపారు. ఇల్లు తాళం. ఊరెళ్లారని పక్కవాళ్లు చెప్పారు. పందొమ్మిదో రోజున వాళ్లు తిరిగొచ్చి తలుపు తీస్తే, కిటికీ కింద నేల మీద పడి ఉంది గోధుమరంగు కవరు. కుర్రాడు కిటికీ ఊచల్లోంచి లోపలికి తోసి, తనే గీత గీసి, ‘సెల్ఫ్’ అని రాసుకుని వెళ్లిపోయాడన్నమాట. పెద్దాయన కవరు విప్పుతూ తీసిన ఫొటో పంపారు. చొక్కా అట్టలు చెక్కుచెదరలేదు.

ఈ కథలో దొంగ లేడు చూడండి. నేను ఆయన్ని అనుమానించాను, ఆయన నన్ను అనుమానించారో లేదో చెప్పలేదు. ఆ కుర్రాడి మీద కూడా నాకు కోపం లేదు. చీకటి పడేలోపు సంచి ఖాళీ చేయకపోతే అతని కూలిలో కోత పడుతుందని మా వీధికి వచ్చే కుర్రాడు చెప్పాడు. తాళం వేసి ఉంటే వెనక్కి తీసుకెళ్లి రేపు మళ్లీ రావాలి. రెండోసారి వచ్చినందుకు పెట్రోలు ఎవరిస్తారు? కిటికీలోంచి తోస్తే పని అయిపోతుంది. మూడు వేల రూపాయలూ రెండు ఇళ్ల మనశ్శాంతీ ఆ లెక్కలోకి రావు.

ఇంకో సంగతి దీనికి సరిగ్గా ఎదురు. ఒక వేసవిలో ఒక 78 గ్రామఫోను రికార్డు వేలంలో పోయింది. మందపాటి సంచిలో పెట్టి, చెక్క చట్రం కట్టి పంపాను. ట్రాకింగ్ ఒక హబ్ దగ్గర ఆగిపోయింది, పది రోజులు అదే మాట: ‘ఇన్ ట్రాన్సిట్’. కొన్నాయన ఫిర్యాదు చేశారు. ఈసారి ‘డెలివర్డ్’ లేదు గనుక డబ్బు ఆయనకు తిరిగి వెళ్లింది. న్యాయమే. కొరియర్‌కు నేను రాసిన మూడు ఉత్తరాలకు జవాబు రాలేదు. మూడు నెలల తర్వాత, రికార్డులు సేకరించేవాళ్ల గుంపులో ఎవరో అమ్మకానికి ఒక ఫొటో పెట్టారు. లేబులు మీద మా నాన్న పచ్చసిరాతో వేసిన వరస నంబరు. నా రికార్డే. అమ్ముతున్నాయన కొన్నాయన కాదు, ఊరు కూడా వేరు. ఎక్కడ కొన్నారని అడిగితే ‘ఒక లాట్‌లో వచ్చింది’ అన్నారు. కొన్నాయనకు చేరాక, రీఫండూ తీసుకుని, ఆయనే అమ్ముకున్నారా? హబ్‌లో ఎవరైనా తీశారా? చిరునామా చిరిగిన పార్సిళ్లన్నీ కలిపి ఎవరికో కట్టబెట్టారా? నాకు ఈ రోజుకీ తెలియదు. ఎవరినీ అననూలేను. ఫొటో మాత్రం దాచుకున్నాను.

నేను ఈ పనిలోకి వచ్చింది ఈబే ఇండియా రోజుల్లో. 2004లో బాజీ డాట్ కామ్‌ను ఈబే కొన్నాక ఇక్కడ వేలం అంటే అదే. పైసాపే అని ఒక పద్ధతి ఉండేది, కొన్నవాళ్లు కట్టిన డబ్బు మధ్యలో ఆగి, తర్వాత అమ్మినవాళ్లకు వచ్చేది. 2018 ఆగస్టులో ఆ సైటు మూతపడింది. మాలాంటి వాళ్లం తలా ఒక వేదికకు చెదిరిపోయాం. కొందరు వాట్సాప్ గుంపుల్లోనే వేలం వేస్తున్నారు, అక్కడైతే తగువు తీర్చే నాథుడే లేడు. అమెరికాలో ఈబే ఒక నియమం పెట్టింది. 750 డాలర్లు, ఆపైన ఉన్న వస్తువుకు ‘డెలివర్డ్’ అని ట్రాకింగ్ చూపిస్తే చాలదు, సంతకం తీసుకున్న రుజువు ఉంటేనే అమ్మినవాళ్ల పక్షాన నిలుస్తుంది. అంటే ఆ ఒక్క మాట చాలదని వాళ్లకూ తెలుసు. గీత ఎవరు గీశారన్నది అక్కడా ప్రశ్నే అనుకోండి.

ఇప్పుడు మీ నిబంధనల దగ్గరకు వస్తాను. 2020 జులై 23న వెలువడిన ఈ-కామర్స్ నిబంధనలు ఓపిగ్గా చదివాను. ఎప్పుడో ఒకసారి పాత సైకిలు అమ్ముకునేవాళ్లకు అవి వర్తించవు, నాలా క్రమం తప్పకుండా అమ్మేవాళ్లకు వర్తిస్తాయి. ఆరో నిబంధన ప్రకారం వేదిక మీద అమ్మే ప్రతివాళ్లూ ఒక ఫిర్యాదుల అధికారిని నియమించుకోవాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మా ఇంట్లో ఆ అధికారిని నేనే. గుమాస్తానూ నేనే, ప్యాకరునూ నేనే. సరే, చేస్తున్నాను. పొద్దున పాలు పొంగినా సరే 48 గంటల లోపే జవాబిస్తున్నాను. కొన్నవాళ్లు వేదికకు ఫిర్యాదు చేస్తే దానికొక టికెట్ నంబరు ఇవ్వాలని, అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే వీలుండాలని అయిదో నిబంధన చెబుతోంది. చాలా మంచి మాట. మరి పార్సిలు చేతిలో పెట్టుకున్న మూడోవాడి సంగతి? వేదిక చేయాల్సినవి, అమ్మినవాళ్లు చేయాల్సినవి వరసగా రాశారు. ఆ రెండింటి మధ్య వస్తువు ఎవరి సంచిలో ఉందో వాళ్ల మాట ఆ వరసలో లేదు. పోయిన పార్సిలు గురించి అమ్మినవాళ్లు అడిగే ప్రశ్నకు టికెట్ లేదు, గంటల గడువూ లేదు.

వినియోగదారుల కమిషనుకు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. 2019 చట్టం స్వయం ఉపాధితో బతికేవాళ్లనూ వినియోగదారులుగానే చూస్తుంది, అయిదు లక్షల లోపు దావాకు రుసుము కూడా లేదు. గుంటూరు బస్సు ఎక్కి మూడు వాయిదాలు తిరిగితే 3,150 రూపాయల పుస్తకం కోసం పెట్టిన ఖర్చు దాని వెలను దాటుతుంది. ఆ సంగతి కొరియర్ వాళ్లకు మాకంటే బాగా తెలుసు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను కూడా. అవతల అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. మీరు ఏం కొన్నారు అని అడిగింది. కొనలేదమ్మా, అమ్మాను అన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

నేను పెద్ద కోరికలేం కోరడం లేదు. పార్సిలు చేరిందని రాసిన క్షణాన, దానికి ఆధారమేమిటో పంపినవాళ్లకూ అందుకోవాల్సినవాళ్లకూ ఒకేసారి ఫోనుకు రావాలి. ఓటీపీ అయితే ఓటీపీ, గుమ్మం ఫొటో అయితే ఫొటో. నాలుగు రోజులు తిరిగి అడిగి తెచ్చుకునే పీవోడీ కాదు. ఇది కుదరని పనేం కాదు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపాక, కొద్దిపాటి అదనపు రుసుము కడితే ఓటీపీ చెప్పాకే చేతికిచ్చే ఏర్పాటును తపాలా శాఖే తెచ్చింది. పల్లెకు ఉత్తరాలు మోసే పోస్టుమాన్ చేయగలిగింది పెద్ద కొరియర్ కంపెనీలు చేయలేవా? ఇక వేదికలో ఫిర్యాదు నమోదైన రోజునే అది కొరియర్‌కు కూడా వెళ్లాలి, అమ్మినవాళ్లకు పెట్టిన గడియారమే వాళ్లకూ పెట్టాలి. ఆధారం చూపేదాకా డబ్బు వేదిక దగ్గరే ఉండనివ్వండి, నాకు ఇవ్వకండి, ఆయనకూ ఇవ్వకండి. గడువులోగా ఆధారం చూపలేకపోతే వస్తువు పోయినట్టే లెక్క. అప్పుడు వేలంలో తెగిన ధరే దాని విలువ కావాలి, రసీదు వెనక వంద రూపాయలు కాదు. ఆ ధర నేను చెప్పుకునేది కాదు కదా, అందరి ఎదుటా తేలిన అంకె.

దీనివల్ల కొరియర్ చార్జీ పది రూపాయలు పెరగొచ్చు. పెరగనివ్వండి. ఆ పది రూపాయల్లో కొంత ఆ కుర్రాడి రెండో ట్రిప్పు పెట్రోలుకు వెళ్లేలా చూస్తే ఇంకా మంచిది. కిటికీలోంచి తోయాల్సిన అవసరం అతనికీ ఉండదు.

మోసం చేసే కొనుగోలుదార్లు లేరా అంటే ఉన్నారు. ఖాళీ అట్టపెట్టె పంపే అమ్మకందార్లూ ఉన్నారు. వాళ్లకు చోటిస్తున్నది ఈ చీకటే. ఆధారం లేని చోట నిజం చెప్పేవాళ్లూ అబద్ధం చెప్పేవాళ్లూ ఒకేలా కనిపిస్తారు. ఖరగ్‌పూర్ పెద్దాయన నాకు ఆరు రోజులు దొంగలా కనిపించారు. ఆయన ఆ తర్వాత మరో నాలుగు పుస్తకాలు నా దగ్గరే కొన్నారు. చిరునామాలో ఇప్పుడు కాలనీ పేరు రెండుసార్లు రాయిస్తున్నారు.

ఈ ఉత్తరం కాపీ ఒకటి మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో, రసీదు తీసుకుని, పంపుతున్నాను. బరువు 26 గ్రాములు. అందినట్టు ఒక ముక్క రాయించండి. అక్కడ ఎవరు తీసుకున్నారో వారి పేరు మాత్రం చదవడానికి వీలుగా రాయమనండి.

ఇట్లు,
తెనాలి నుంచి
ఒక పాత పాటల పుస్తకాల అమ్మకందారు